పెద్దక్కయ్యగారి రౌండు మెట్లు

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళే రోజులవి. మా ఆఫీసులో దేవుడి పటం గుమ్మం బయట దుమ్ములో ఉండేది, కంప్యూటరు మాత్రం లోపల తెర వేసిన గదిలో, ఏసీ కింద, గళ్ళ తువ్వాలు కప్పుకుని ఉండేది. ఇప్పుడు మా అమ్మాయి అదే పని ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, రెండో చేత్తో మరమరాలు తింటూ చేసేస్తుంది. చూసినప్పుడల్లా నాకు కొంచెం అసూయ, కొంచెం జాలి. అసూయ ఎందుకో చెప్పక్కర్లేదు. జాలి ఎందుకంటే, దాని పక్కన ఇంకో కుర్చీ అవసరం లేదు. మాకు ఒకటే కంప్యూటరు, ఇద్దరం మనుషులం. ఒకరు మౌసు పట్టుకుంటే రెండోవాళ్ళు పక్కన కూర్చుని తప్పులు పట్టాలి. ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రెండో కుర్చీ కిర్రుమనే చప్పుడు.

నందిగామలో హైవే పక్కన ఒక వెల్డింగ్ షాపు, దాని మేడమీద మా ఆఫీసు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు కావలసిన తొట్లు, గొట్టాలు, నిచ్చెనలు కింద తయారయ్యేవి. వాటి బొమ్మలు పైన మేం గీసేవాళ్ళం. ఓనరుగారికి మేం చాటుగా పెట్టుకున్న పేరు మిల్లీమీటరుగారు. లోకంలో ఏ కొలతైనా ఆయన మిల్లీమీటర్లలోనే చెప్పేవారు. "అమ్మాయ్, ఆ కిటికీ ఓ యాభై తెరువు" అంటే రెండు వేళ్ళ సందు తెరవమని. (వాళ్ళబ్బాయి పుట్టినప్పుడు ఎవరో పిల్లాడు పొడుగ్గా ఉన్నాడా అని అడిగితే "ఐదువందలు" అన్నారని కింద షాపులో చెప్పుకునేవారు. నేను నమ్ముతాను.) నాది జగ్గయ్యపేట. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, బెజవాడలో క్యాడ్ నేర్చుకుని వచ్చాను. ఆడపిల్లకి మెకానికల్ ఎందుకండీ అని అడిగినవాళ్ళందరికీ మా నాన్న "సీటు అందులోనే వచ్చిందండి" అని జాలిగా చెప్పేవారు. అది అబద్ధం. నేనే పట్టుబట్టి తీసుకున్నాను. క్యాడ్ అంటే ఏదైనా వస్తువుని ముందు కంప్యూటర్లో తయారుచేసి, అటూ ఇటూ తిప్పి చూసుకోవడం. విడి ముక్కలన్నీ చేసుకుని, ఒకచోట చేర్చి బిగిస్తే దాన్ని అసెంబ్లీ అంటారు. (మా మనవరాలు అసెంబ్లీలో పని చేస్తోందని మా బామ్మ వీధంతా చాటింది. ఇద్దరు ముసలివాళ్ళు పింఛను కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు.)

రెండో కుర్చీ అతనిది. అందరం అతన్ని కంట్రోల్ జెడ్డు అనేవాళ్ళం. కంప్యూటర్లో ఆ రెండు మీటలూ కలిపి నొక్కితే చేసిన పని చెయ్యనట్టు వెనక్కి పోతుంది. అతను మాటలకి కూడా అదే నొక్కేవాడు. "టీ తాగుదామాండీ" అని, నేను తలెత్తేలోపు "వద్దులెండి, ఎండగా ఉంది" అనేవాడు. "ఈ డ్రెస్సు మీకు బాగుందండి" అని, వెంటనే "అంటే, దూరం నుంచి కూడా కనపడుతుందంటున్నా" అనేవాడు. నన్ను ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు, "ఏవండీ" అనేవాడు. నేను "ఏంటండీ" అనేదాన్ని. కింద వెల్డర్లకి అది రోజుకింత కాలక్షేపం. పొద్దున్నే నేను పేటలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, అతను చిల్లకల్లులో ఎక్కి, నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి పోయి కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. నందిగామలో దిగాక "అరె, మీరూ ఇదే బస్సా" అనేవాడు. రోజూ అదే మాట. నేనూ రోజూ "అవునండీ" అని ఆశ్చర్యపోయేదాన్ని.

అలా ఉండగా మిల్లీమీటరుగారి అక్కయ్యకి మెట్లు కావలసి వచ్చాయి. ఆవిడ్ని షాపులో అందరూ పెద్దక్కయ్యగారు అనేవాళ్ళు. జగ్గయ్యపేటలో మా వీధికి రెండో వీధి. అత్తగారూ మామగారూ పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకుని, నడిమధ్యన గోడ పెట్టారు. మేడ ఎక్కే మెట్లు తోడికోడలి వాటాలోకి పోయాయి. డాబా మీద కూడా నడుమెత్తు గోడ లేచింది కానీ, పెద్దక్కయ్యగారు తన సగం డాబా మీదికి వెళ్ళాలంటే తోడికోడలి గుమ్మం తొక్కాలి. ఆ గుమ్మం ఈవిడ తొక్కదు. ఎందుకంటే పంపకాల్లో రుబ్బురోలు ఈవిడ వాటాకి, పొత్రం ఆవిడ వాటాకి వచ్చాయట. నువ్వివ్వమంటే నువ్వివ్వమని ఇద్దరూ భీష్మించుకుని, ఏళ్ళ తరబడి ఒకరు రోలు, ఒకరు పొత్రం దగ్గర పెట్టుకుని పచ్చడి లేకుండా అన్నం తిన్నారు. మాటలు పోయాయి. మగవాళ్ళిద్దరూ ఏమయ్యా అంటే ఏమయ్యా అనుకునేవాళ్ళు గానీ అది కూడా సందు చివర, ఆడవాళ్ళకి కనపడకుండా.

కొలతలకని మిల్లీమీటరుగారు మమ్మల్నిద్దర్నీ ఓ ఆదివారం ఆవిడ ఇంటికి తీసుకెళ్ళారు. పెరట్లో నూతికీ స్నానాల గదికీ మధ్య, అడ్డగోడని ఆనుకుని చిన్న మూల మిగిలింది. మామూలు మెట్లు పట్టవు. మధ్యన స్తంభం పాతి, దాని చుట్టూ తిరుగుతూ పైకి పోయే ఇనప మెట్లే దిక్కు. "వడియాలు పెట్టుకోటానికేనమ్మా, ఇంకేం లేదు" అన్నది పెద్దక్కయ్యగారు, ఎవరూ అడక్కుండానే. నేను టేపు పట్టుకుని గోడ మీదికి చూస్తుంటే ఆవిడ కూడా నా పక్కన నిలబడి పైకే చూస్తూ, "పెళ్ళయిన కొత్తల్లో ఎండాకాలం మేమిద్దరం పైనే పడుకునేవాళ్ళం. ధనంబోడు గుట్ట మీద నుంచి గాలి వచ్చేది. దానికి చీకటంటే భయం, నా కొంగు పట్టుకుని పడుకునేది" అన్నది. ఆ 'అది' ఎవరో నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఇంతలో ఆవిడ గొంతు సవరించుకుని, "వడియాల సంగతి గుర్తుపెట్టుకో, మెట్లు వెడల్పుగా ఉండాలి, పళ్ళెం పట్టాలి" అన్నది.

మొదటిసారి ఆ మెట్లని నేను ఒక్కొక్కటే చేత్తో పెట్టాను. అంటే, కంప్యూటర్లో స్తంభం నిలబెట్టి, ఒక మెట్టు తెచ్చి, దాన్ని ఇంత ఎత్తున, ఇంత తిప్పి బిగించడం, మళ్ళీ రెండోది తెచ్చి ఇంకాస్త ఎత్తున, ఇంకాస్త తిప్పి బిగించడం. రెండు రోజులు పట్టింది. బొమ్మ చూసి మిల్లీమీటరుగారు సంతోషపడి నాకు జామకాయ ఇప్పించారు. సాయంత్రం వాళ్ళక్కయ్య ఫోన్ చేసింది. పెరట్లో వాననీళ్ళు నిలుస్తున్నాయని గ్రావెలు పోయించి నేల ఎత్తు చేయించిందట. ఎత్తు మారితే మెట్టు మెట్టుకీ లెక్క మారుతుంది. నేను కంప్యూటరు ముందు కూర్చుని ఏడవలేదు కానీ, కింద షాపు మెషీన్లు ఆగిన సమయం చూసి, పక్క కుర్చీకి వినపడేలా ముక్కు చీదాను.

కంట్రోల్ జెడ్డు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఒక్క మెట్టు పెట్టి, మిగతావి కంప్యూటర్నే పెట్టుకోమందామండీ" అన్నాడు. దాన్నే ప్యాటర్న్ అంటారు. ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు, ఒకదాన్ని చూపిస్తే అదే మిగతావన్నీ పెట్టుకుంటూ పోతుంది. తంటా ఏమిటంటే మా దగ్గరున్న సాఫ్టువేరుకి అసెంబ్లీలో ముక్కల్ని వరసలో పెట్టమంటే తెలుసు, చక్రంలా పెట్టమంటే తెలుసు. చక్రంలా తిరుగుతూనే పైకి పొమ్మంటే తెలీదు. చక్రంలా పెట్టమన్నాం. మెట్లన్నీ ఒకే ఎత్తులో తామరపువ్వులా విచ్చుకున్నాయి. అప్పుడే తెర తొలగించుకుని వచ్చిన మిల్లీమీటరుగారు కాసేపు చూసి, "అక్కయ్య మేడెక్కుతానంది గానీ తపస్సు చేస్తానన్లేదమ్మా" అని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. (అది వేళకి పోయేది. మా ఊళ్ళల్లో వేళకి జరిగేది అదొక్కటే.) బ్యాటరీ కీచుమంటుంటే గబగబా పని దాచుకుని, ఏసీ ఆగిన ఆ గదిలో ఉక్కకి తాళలేక కిటికీ పూర్తిగా తెరిచాం. ఆవల మినప చేలో ఎదిగీ ఎదగని తాటిచెట్టు ఒకటి ఉండేది. మట్టలు కొట్టేసిన మొదళ్ళు దాని ఒంటి చుట్టూ మెలి తిరుగుతూ పైకి పోయాయి. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఏసీ చప్పుడు ఆగితే మనుషులు ఎంత దగ్గరగా కూర్చున్నారో తెలుస్తుంది. చాలాసేపటికి అతను అన్నాడు, "మట్టల్ని ఎవరూ తెచ్చి అతికించలేదు గదండీ. చెట్టుకే మొలిచాయి. మనం కూడా ముందు స్తంభానికే బొడిపెలు మొలిపించి, మెట్లని వాటికి తగిలించుకోమంటే?" అని, నా మొహం చూసి, "కాదులెండి, తిక్కగా ఉంది" అన్నాడు.

"ఇదొక్కటీ వెనక్కి తీసుకోకండి" అన్నాను నేను.

ఎందుకన్నానో, ఏ గొంతుతో అన్నానో తెలీదు, అతను కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఇటు చూడలేదు. చెవులు మాత్రం ఎర్రగా కనపడ్డాయి.

అతను చెప్పింది తిక్కేం కాదు. విడి విడి ముక్కల్ని మెలి తిరిగిన గీత వెంబడి నిలబెట్టడం ఆ సాఫ్టువేరుకి తెలీదు గానీ, ఒకే ముక్క మీద అలాంటి గీత వెంబడి బొడిపెలు మొలిపించడం దానికి వచ్చు. కరెంటు రాగానే స్తంభం చుట్టూ స్ప్రింగులాంటి గీత గీసి (హెలిక్స్ అంటారు), మొదటి బొడిపె పెట్టి, గీత వెంబడి మొలవమన్నాం. మొలిచాయి. కానీ తిరునాళ్ళలో ప్రభని చూసే జనంలా అన్నీ ఒకే దిక్కుకి మొహాలు పెట్టాయి. గీతతోపాటు తిరగమని చెప్పాం. తిరిగాయి, తిరుగుతూ ఒక పక్కకి ఒరిగాయి కూడా. దాని మీద మెట్లు పెడితే పెద్దక్కయ్యగారు ఎక్కడం మాటెలా ఉన్నా దిగేటప్పుడు కాలు కదపక్కర్లేకుండా జారి వచ్చేస్తారు. మర్నాడంతా ఉన్న మీటలన్నీ నొక్కాం. సాయంత్రం బస్సుకి వేళవుతుంటే అతను మౌసు నా చేతికిచ్చి, "స్తంభం ఒంటిని ముట్టుకుని చూపించండి, దానికి ఎదురుగా నిలబడమని" అన్నాడు. ముట్టుకున్నాను. బొడిపెలన్నీ చక్కగా సర్దుకుని నిలబడ్డాయి. మెట్లని వాటి వెంట వెళ్ళమంటే, ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ, పెళ్ళి పల్లకీ వెంట పేరంటాళ్ళు నడిచినట్టు పైకి వెళ్ళిపోయాయి. ఎత్తు మార్చాం, అవే సర్దుకున్నాయి. మళ్ళీ మార్చాం, మళ్ళీ సర్దుకున్నాయి. బస్సు పోయింది. ఇద్దరం పట్టించుకోలేదు.

బొమ్మ చూడటానికి పెద్దక్కయ్యగారు స్వయంగా నందిగామ వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కంప్యూటరుకి కొంచెం దూరంగా కూర్చుని, నేను మెట్లని తిప్పి చూపిస్తుంటే కొంగు నోటికడ్డం పెట్టుకుని చూశారు. చూసి, "ఒరేయ్ తమ్ముడూ, ఇదేంట్రా ఎడంగా తిరుగుతోంది? గుడి చుట్టూ తిరిగినట్టు స్తంభం కుడిచేతి వైపుండాలి గానీ, రోజూ అప్రదక్షిణం చెయ్యమంటావా నన్ను?" అన్నారు. మిల్లీమీటరుగారు నా వైపు చూశారు. నేను కంట్రోల్ జెడ్డు వైపు చూశాను. ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఎందుకంటే ఇప్పుడది ఒక్క నొక్కు పని. గీతని ఇటు కాక అటు తిరగమన్నాం, మెట్లన్నీ గిరుక్కున అటు తిరిగాయి. పెద్దక్కయ్యగారు "అమ్మో, ఎంత చెప్పినమాట వింటున్నాయో" అని మురిసిపోయారు. మిల్లీమీటరుగారు మళ్ళీ జామకాయలు ఇప్పించారు. ఆ గదిలో నలుగురం ఉన్నాం. మొదలు అక్కడే ఉండి తిరగడం మాత్రం మారితే చివర ఎటు తేలుతుందోనని నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. కంప్యూటర్లో మెట్లే ఉన్నాయి. ఇల్లు లేదు.

బిగించిన రోజు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ట్రాక్టరు మీద స్తంభం, మెట్లు వచ్చాయి. వీధిలో సగం మంది పెరట్లో చేరారు. పెద్దక్కయ్యగారు మెట్లు పైకి తేలే చోటని తన డాబా పిట్టగోడ ముందే కొట్టించి ఉంచారు. మెట్లు ఒక్కొక్కటే బిగించుకుంటూ వెల్డర్లు పైకి వెళ్తున్నారు. సగం పైకి వెళ్ళేసరికి కంట్రోల్ జెడ్డు నా పక్కకి జరిగి, "ఏవండీ" అన్నాడు. "ఏంటండీ" అన్నాను. "ఏం లేదులెండి" అన్నాడు గానీ పైకే చూస్తున్నాడు. అతను చూస్తున్న వైపు నేనూ చూశాను. మెట్లు కొట్టిన పిట్టగోడ వైపు పోవడం లేదు. ప్రదక్షిణంగా, ఎంతో భక్తిగా తిరుగుతూ, అడ్డగోడ దాటి తోడికోడలి డాబా వైపుకి పోతున్నాయి.

ఆఖరి పలక కూడా బిగించేశారు. మిల్లీమీటరుగారు టేపు తీసి, దేన్నీ కొలవకుండా మళ్ళీ చుట్టేశారు. పెద్దక్కయ్యగారు మాత్రం పసుపు కుంకుమ పళ్ళెంతో మొదటి మెట్టుకి బొట్టు పెట్టి, మా ఎవరి మొహాలూ చూడకుండా ఎక్కడం మొదలుపెట్టారు. పైదాకా ఎక్కాక గానీ ఆవిడకి తెలీలేదు. ఎదురుగా తోడికోడలు. అంత చప్పుడు విని ఎప్పుడొచ్చి నిలబడిందో, చేతిలో ఆరిన బట్టలు అలాగే ఉన్నాయి. ఇద్దరి మధ్యా పిట్టగోడ ఒక్కటే. నేను పక్కనున్న చెయ్యి పట్టుకున్నాను. (అది అతనిదని తర్వాత తెలిసింది. ఇద్దరం తెలీనట్టే ఉన్నాం.)

"దీన్ని ఇటు పెట్టించమని నేన్చెప్పలా" అన్నది పెద్దక్కయ్యగారు, గోడని చూస్తూ.

"నాకు తెలుసులే" అన్నది తోడికోడలు. బట్టలు గోడ మీద పెట్టి, "ఆ రేకు మీద ఎంతసేపు నిలబడతావక్కా, కాలు కాలట్లా? చెయ్యివ్వు. చీర పైకి పట్టుకో" అన్నది.

ఆ చెయ్యి పట్టుకుని పెద్దక్కయ్యగారు గోడ అవతలికి దిగిపోయారు. కింద నుంచి మాకింకేమీ కనపడలేదు. చాలాసేపటికి మిల్లీమీటరుగారు పైకి చూస్తూ, "అక్కా, విప్పి మళ్ళీ చేయిస్తా, వారం టైమివ్వు" అని కేకేశారు. పైనుంచి పెద్దక్కయ్యగారి గొంతు వినపడింది, "ఉండనీరా. వడియాలకి ఇటే ఎండ బాగుంది." రోలూ పొత్రం మాత్రం కలవలేదు. అప్పటికే రెండిళ్ళలోనూ గ్రైండర్లు వచ్చేశాయి.

ఆ సాయంత్రం అతన్ని బస్సెక్కించడానికి వీధి చివర బస్టాండుకి నడుస్తుంటే అతను, "ఏవండీ, నాకు పూణేలో ఉద్యోగం వచ్చింది. పై నెల వెళ్ళిపోతున్నా" అన్నాడు. నేను ఆగాను. వెనక్కి తీసుకుంటాడేమోనని ఆగాను. ఇన్నాళ్ళలో అతను వెనక్కి తీసుకోని మాట అదొక్కటే. "మంచిదండీ" అన్నాను.

ఆఖరి రోజు నందిగామలో బస్సెక్కాక అతను మొదటిసారి నా పక్కన కూర్చున్నాడు. నవాబుపేట దాటిందాకా ఇద్దరం ముందు సీటు వెనక ఎవరో మేకుతో గీకిన పేర్లు చదివాం. "మీతో ఒక మాట చెప్పాలండీ" అన్నాడు. "చెప్పండి" అన్నాను. బస్సు చిల్లకల్లు చేరి ఆగింది. "ఏం లేదులెండి, జాగ్రత్తగా వెళ్ళండి" అని లేచాడు. నేను ఒక్క మాట అనాల్సింది. అంతకుముందు ఉక్కపోత మధ్యాహ్నం ఎంతో తేలిగ్గా అనేసిన మాటే. కండక్టరు విజిలేశాడు. అతను రోడ్డు పక్కన బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు. బస్సు పేట రోడ్డుకి తిరిగింది.

తర్వాత నేనూ హైదరాబాదు వచ్చాను. పెళ్ళయింది, మంచి మనిషి, మాటిస్తే వెనక్కి తీసుకోడు. ఇప్పటి సాఫ్టువేర్లలో ముక్కల్ని మెలి తిరిగిన గీత వెంబడి నిలబెట్టడం చాలా సుళువైపోయింది. ఒకప్పుడు సాఫ్టువేరుకి అది వచ్చేది కాదంటే మా టీములో కొత్తపిల్లలు నమ్మరు. ఎన్నాళ్ళో గడిచాక, ఇళ్ళ నుంచి పని చేసే రోజుల్లో, పూణే కంపెనీతో ఒక మీటింగులో పరిచయాలు జరుగుతుంటే తెర మీద అతను కనపడ్డాడు. జుట్టు పలచబడింది, కళ్ళజోడు వచ్చింది. నేను గబగబా జడ సర్దుకుని, వెనకున్న ఉతికిన బట్టల గుట్టని కాలితో పక్కకి తోసి, నిటారుగా కూర్చున్నాను. నా వంతు వచ్చి పేరు చెప్పగానే అతను "ఏవండీ, మీరా" అన్నాడు. మీటింగులో మిగతావాళ్ళు నవ్వారు. కవాటాల గురించి, పైపుల గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. నేను ఆ గంటా నవ్వు చెదరకుండా కూర్చున్నాను. చివర్లో అతను, "మీరేం మారలేదండీ" అన్నాడు. ఎదురుచూశాను. వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజంతా ఇంట్లో నేను ఎందుకు పాడుకుంటున్నానో ఎవరికీ అర్థం కాలేదు. రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి నా లాప్‌టాప్ తెరిచి, "అమ్మా, నీ కెమెరా వారం రోజుల నుంచి పనిచెయ్యట్లేదు, బాగుచేయించమన్నావుగా" అంది.